ప కింద, ప పైన

ఎగ్మూరులో మా ఆఫీసు వెనక, జనరేటర్ పక్కన
పాలారు గట్టు నుంచి లారీలో వచ్చిన రాయి
నాలుగేళ్ళుగా నించునే ఉంది.
దాని మీద ఇద్దరు రాజులు.
ఒకే శాసనం, ఒకే పన్ను మాఫీ.
పెద్దాయనకు ఏలుబడి పంతొమ్మిదో ఏడు,
చిన్నాయనకు నాలుగోది.
ఇద్దరూ మహారాజులే.
వంశం పేరు చెప్పను,
మా గదిలోనే దానికి మూడు పేర్లున్నాయి.

ఇతను అతనికి ఏమవుతాడో
చెప్పబోయి, సరిగ్గా అక్కడే
రాయి పెచ్చు లేచిపోయింది.
మిగిలింది ఒక ప, ఒక త్రః.
ప కింద కొమ్ముంటే పుత్రుడు.
ప పైన ఔత్వముంటే పౌత్రుడు.
కిందా దెబ్బే. పైనా దెబ్బే.

శఠగోపం గారు కొడుకంటారు.
నంజుండయ్య గారు మనవడంటారు,
మధ్యలో ఒక తండ్రి పోయాడని,
అతని పేరు ఎవరికీ అక్కర్లేకపోయిందని.
కొత్తగా చేరిన ఇలంపరిది
ఇద్దరిలో ఎవరికీ కాకపోవచ్చు కదా సార్, అని
ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు.
అప్పట్నుంచీ మూడు టిఫిన్ డబ్బాలు
మూడు బల్లల మీద.

నాకంత చదువు లేదు. నేను అచ్చు తీస్తాను.
రాతిని పీచుతో కడిగి, తడి కాగితం పరిచి,
కుంచెతో కొట్టీ కొట్టీ ప్రతి గుంటలోకీ దించి
ఆరీ ఆరకముందే మసి అద్దుతాను.
రాయి నల్లగా వస్తుంది, అక్షరం తెల్లగా.
పెద్దవాళ్ళు మర్చిపోయేది ఒకటుంది:
ఉలి తవ్విన చోటూ తెలుపే,
దెబ్బ తగిలిన చోటూ తెలుపే.
కాగితానికి తేడా తెలీదు.

చూళైలో మా సైకిల్ షాపు బోర్డు మీద కూడా ఇద్దరే:
మునిరత్నం అండ్ దేవరాజులు.
ఒక గల్లాపెట్టె, రెండు తాళం చెవులు.
చూళై అంతా అన్నదమ్ములనే అనుకుంది,
కాదని వాళ్ళూ అనలేదు.
పెళ్ళి ఫోటోలో అమ్మ పక్కన మునిరత్నం,
అమ్మ వెనక, గొడుగు పట్టుకుని, దేవరాజులు.
మన భాష ఎంత మంచిదో చూడండి,
ఒకాయన పెదనాన్న, ఒకాయన చిన్నాన్న,
సరిపోయింది, ఎవరూ ఏమీ అడగలేదు.
విడిగా నాన్న అనే మాట
మా ఇంట్లో ఎవరికీ లేదు.

పంక్చరైన ట్యూబుని తొట్లో ముంచి
బుడగ ఎక్కణ్ణుంచి వస్తుందో చూడమని
ఇద్దరూ నేర్పారు నాకు.
ఇద్దరి చేతులకూ ఒకటే గ్రీజు వాసన.
బళ్ళో చేర్చేటప్పుడు తండ్రి పేరు గడి దగ్గర
అమ్మ పెన్ను ఆగింది, ఆగినంతసేపూ ఇంకు కారింది.
తర్వాత ఆ మచ్చ మీదే ఏదో రాసింది.
టీచరు చదవలేక
నన్నే అడిగి నింపుకుంది.
నేనేం చెప్పానో నాకు గుర్తులేదు, నిజంగా.

అమ్మ పోయాక పెట్టెలో దొరికింది ఆసుపత్రి చీటీ.
నా బరువుంది. పుట్టిన గంట ఉంది.
సంతకం ఉండాల్సిన చోట
బ్లేడుతో గీకిన చదరం,
పక్కన తేదీకి ఒక్క గీత తగలకుండా.

ఈ పొద్దున మళ్ళీ అచ్చు తీయమన్నారు,
పత్రికకి బొమ్మ సరిగ్గా రాలేదట.
ఎండ ముదరకముందే మొదలుపెట్టాను.
ప దగ్గరికొచ్చేసరికి కుంచె పక్కన పెట్టి
బొటనవేలితో తడిమాను.
పెచ్చు కాదు అది. లారీ కుదుపూ కాదు.
సన్నటి ఉలి, చిన్న చిన్న దెబ్బలు,
పైన తొమ్మిదో పదో, కింద ఇంకొన్ని,
పక్కనున్న త్రః చెక్కుచెదరలేదు.
ఎంత ఓపిగ్గా కొట్టారో.
కోపమున్నవాళ్ళు అంత ఓపిగ్గా కొట్టరు.

కాగితం ఊడదీసి తాడు మీద ఆరేశాను.
ఎగ్మూరు స్టేషన్ మీదుగా వచ్చే గాలికి
ఇద్దరు రాజులూ కలిసే ఊగుతున్నారు.
శఠగోపం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి
ఏమైనా కనిపించిందా అమ్మా, అన్నారు.
మసి చేతులు చూపించాను.